ముప్పావు లీటరు నీళ్లు, పన్నెండు వారాల సెలవు

అందరికీ నమస్కారం. ఈసారి వీడియో డాలస్ నుంచి కాదు, శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలోని మా అమ్మమ్మగారి ఊరి నుంచి. తాతయ్యకు ఎలా ఉందని కువైట్‌లో ఉన్న మామయ్య, సూరత్‌లో ఉన్న అమ్మానాన్నలు, హైదరాబాదులో ఉన్న పెద్దమ్మ పిల్లలు రోజూ విడివిడిగా ఫోను చేసి అడుగుతున్నారు. అందరికీ ఒకేసారి చెప్పవచ్చని, చెప్పేది ఆయన పక్కన కూర్చునే చెప్పవచ్చని ఇది రికార్డు చేస్తున్నాను. ఆసుపత్రి లోపల మాత్రం కెమెరా బయటికి తీయలేదు. అక్కడ పడుకొని ఉన్నవారిలో తాతయ్య వయసువారు కొందరైతే, నా వయసువారు మరికొందరు. వారి ముఖాలు చూపించే హక్కు నాకు లేదు.

తాతయ్యకు కిడ్నీలు చెడిపోయి రెండేళ్లుగా డయాలసిస్ జరుగుతోంది, అంటే రక్తంలోని మలినాలను, ఒంట్లో మిగిలిన నీటిని కిడ్నీలకు బదులు మెషిన్ తీస్తుంది. మంగళ, గురు, శనివారాల్లో సోంపేట ప్రభుత్వాసుపత్రికి వెళ్లి, నాలుగేసి గంటలు మెషిన్ మీద ఉండి వస్తారు. గత నెలలో దగ్గరి బంధువుల ఇంట పెళ్లి ఉందని ఒక గురువారం మానేశారు. శనివారం వెళ్దామనుకున్నారు కానీ శుక్రవారం రాత్రికే ఊపిరితిత్తుల్లో నీరు చేరి, పడుకుంటే ఊపిరి ఆడక, తెల్లవార్లూ గోడకు ఆనుకొని కూర్చున్నారట. అక్కడినుంచి విశాఖపట్నం తీసుకువెళ్లి ఐదు రోజులు ఐసీయూలో ఉంచారు. ఆ ఐదు రోజులూ నేను డాలస్‌లో పగలు పని చేస్తూ, రాత్రి ఫోను దిండు కింద పెట్టుకొని పడుకున్నాను. మనకు తెల్లవారే వేళకు అక్కడ సాయంత్రం కావడం వల్ల, ఆసుపత్రిలో రాత్రి ఏమైందన్న కబురు నాకు ఎప్పుడూ ఆఫీసు నుంచి ఇంటికి వెళ్లే దారిలోనే అందేది. కారు పక్కకు ఆపుకొని విని, మళ్లీ నడుపుకొంటూ వెళ్లేదాన్ని.

ఇక్కడే అమెరికా సంగతి ఒకటి చెప్పాలి. మా ఆఫీసులో సెలవుల పట్టిక తెరిచి చూస్తే, తాతగారు గాని అమ్మమ్మగారు గాని మరణిస్తే మూడు రోజులు జీతంతో కూడిన సెలవు అని స్పష్టంగా రాసి ఉంది. వారు బతికి ఉండి, మంచం మీద ఉండి, మనుమరాలు వచ్చి నాలుగు రోజులు పక్కన కూర్చోవాలని ఎదురుచూస్తుంటే ఇచ్చే సెలవు మాత్రం ఆ పట్టికలో లేదు. ఆ వరుసను ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. పోయాక ఏడవడానికి మూడు రోజులు ఇచ్చేవారు పోకముందు చూసి రావడానికి ఒక్క రోజైనా ఎందుకు రాయలేదన్న కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

అక్కడ ఫ్యామిలీ అండ్ మెడికల్ లీవ్ యాక్ట్ అని 1993లో చేసిన ఒక చట్టం ఉంది. యాభై మంది గాని అంతకు మించి గాని పనిచేసే సంస్థలో ఏడాది పూర్తిచేసి, ఆ ఏడాదిలో 1,250 గంటలు పనిచేసిన వారికి, ఇంట్లో ఎవరికైనా తీవ్రమైన జబ్బు చేస్తే ఏడాదిలో పన్నెండు వారాల వరకు సెలవు ఇచ్చి తీరాలని ఆ చట్టం చెబుతుంది. జీతం రాదు, ఉద్యోగం మాత్రం పోదు. అయితే ‘ఇంట్లో ఎవరికైనా’ అంటే భార్య లేక భర్త, పిల్లలు, తల్లిదండ్రులు మాత్రమే. తాతలు, అమ్మమ్మలు, నాయనమ్మలు ఆ లెక్కలోకి రారు. మొదటిసారి అడిగినప్పుడు మా ఆఫీసువారు నాకు ఆ మాటే చెప్పారు, నేనూ నమ్మి ఊరుకున్నాను. మరునాడు రాత్రి నిద్రపట్టక కార్మిక శాఖవారి పత్రాలు చదువుతుంటే, తల్లిదండ్రులు అన్నమాటకు అర్థం చెప్పే చోట ఒక లాటిన్ పదం కనిపించింది. ఇన్ లోకో పేరెంటిస్, అంటే తల్లిదండ్రుల స్థానంలో నిలిచినవారు. చిన్నతనంలో ఎవరు మిమ్మల్ని సాకి, తిండి పెట్టి, బాగోగులు చూశారో వారు రక్తసంబంధం ఉన్నా లేకపోయినా మీకు తల్లిదండ్రులతో సమానమేనని, కన్న తల్లిదండ్రులు బతికి ఉన్నా అది అడ్డు కాదని, అందుకు రుజువుగా మీరు రాసి ఇచ్చే చిన్న వాంగ్మూలం సరిపోతుందని అక్కడ ఉంది.

నాన్నగారికి సూరత్‌లో పని కావడంతో రెండో ఏట నుంచి పదో తరగతి పూర్తయ్యేవరకు నేను ఈ ఇంట్లోనే పెరిగాను. ఆ సంగతి ఇంగ్లీషులో నాలుగు వాక్యాలుగా రాయడానికి నాకు గంటన్నర పట్టింది. జ్వరం వస్తే రాత్రంతా భుజాన వేసుకొని తిరిగినదీ, బడి ఫీజుకు జీడిపిక్కలు అమ్మినదీ ఆయనేనని రాసి, ఆ తర్వాత అవి కొట్టివేసి, ‘రోజువారీ సంరక్షణ, ఆర్థిక పోషణ’ అని కార్మిక శాఖ పత్రాల్లో ఉన్న మాటలే పెట్టాను. డాక్టరుగారు నింపవలసిన ఫారం ఒకటి ఉంటే, ఈమెయిల్‌లో వచ్చిన దాన్ని ముద్రించి మామయ్య కొడుకు ఆసుపత్రికి పట్టుకువెళ్లాడు. ఈ స్థితి ఎంతకాలం ఉండవచ్చు అని అందులో ఒక ప్రశ్న ఉంది. డాక్టరుగారు ఆ గడిలో ‘జీవితాంతం’ అని రాశారు. ఆ కాగితం ఫోటో నాకు వచ్చినప్పుడు సెలవు దొరుకుతుందన్న సంతోషమూ, ఆ ఒక్క మాట కలిగించిన దిగులూ ఒకేసారి వచ్చి మీద పడ్డాయి.

ఖర్చు ఎంతైందని కూడా అడుగుతున్నారు కాబట్టి చెబుతాను. డాలరుకు 88 రూపాయల లెక్కన చూస్తే, అప్పటికప్పుడు కొన్న రానుపోను టికెట్టు 1,950 డాలర్లు, అంటే లక్షా 71 వేలు. జీతం రాని నెలకు అక్కడి ఇంటి అద్దె మరో లక్షన్నర. మొత్తం పన్నెండు వారాలు తీసుకునే స్తోమత నాకు లేదు. ఐదు వారాలు తీసుకున్నాను. దానికి చింతించడం లేదు.

నేను డాలస్ నుంచి దోహా, హైదరాబాదు మీదుగా విశాఖ వచ్చి, అక్కడినుంచి కారులో పలాస దాటి ఊరు చేరేసరికి చీకటి పడింది. తాతయ్య అరుగు మీద కూర్చుని ఉన్నారు. మనిషి సగమైపోయారు. “అంత దూరం నుంచి ఎందుకొచ్చినావమ్మా, నాకేటయ్యింది?” అన్నారు. అలా అంటూనే నా చెయ్యి పట్టుకొని, అన్నం తినడానికి లేచేవరకు వదలలేదు. అమ్మమ్మ మాత్రం లోపలినుంచే ఎవరితోనో “మా గుంట వచ్చింది, అమెరికా నుంచి వాళ్ల తాత కోసమే వచ్చింది” అని ఫోనులో చెబుతోంది.

డయాలసిస్ రోజున ఏడు గంటలకల్లా ఆటో వస్తుంది. తాతయ్య ఎడమ చేతిలో ఫిస్టులా ఉంది. మెషిన్‌కు రక్తం తీయడానికి ధమనిని, సిరను కలిపి చేసిన ఆ చోట చెయ్యి పెడితే లోపల తుమ్మెద తిరుగుతున్నట్టు సన్నగా అదురుతుంది. ఆ అదురు ఆగకూడదు కాబట్టి అమ్మమ్మ రోజూ పొద్దున్నే, దేవుడికి దీపం పెట్టకముందే, ఆయన చెయ్యి పట్టుకొని చూస్తుంది. ఆసుపత్రిలో ముందుగా బరువు చూస్తారు. కిందటిసారి ఇంటికి పంపినప్పటికంటే ఎన్ని కిలోలు పెరిగితే అంత నీరు ఒంట్లో నిలిచినట్టు. ఆ నీరు నాలుగు గంటల్లో తీసేస్తారు. తీసిన కొద్దీ ఆయనకు పిక్కలు పట్టేస్తాయి. అప్పుడు నేను కాళ్లు రాస్తాను. నా చిన్నప్పుడు సాయంత్రం పొలం నుంచి వచ్చాక ఆయన కాళ్లు తొక్కించుకునేవారు, అందుకు నాకు పావలా ఇచ్చేవారు. ఆ మాట గుర్తుచేస్తే, ఇప్పుడు డాలర్లలో ఇవ్వాలా అని అడిగారు.

అక్కడ కూర్చున్నప్పుడే ఒక లెక్క తెలిసింది. మెషిన్‌లో రక్తాన్ని శుభ్రపరిచే ద్రవం నిమిషానికి అర లీటరు చొప్పున పోతుంది. అంటే ఒక్క మనిషికి ఒక్క పూట డయాలసిస్‌కు సుమారు 120 లీటర్ల శుద్ధమైన నీరు కావాలి. తాతయ్య రోజుకు తాగదగినది ముప్పావు లీటరే, అదీ కాఫీ, చారు, మజ్జిగ అన్నీ కలుపుకొని. అమ్మమ్మ పొద్దున్నే ఒక సీసాలో ఆ ముప్పావు లీటరు నీళ్లు పోసి పెడుతుంది. ఆయన కాఫీ తాగితే అంత నీళ్లు సీసాలోంచి తీసి మొక్కలకు పోస్తుంది. చదువుకోని మనిషి ఆ పద్ధతి తనంతట తానే కనిపెట్టింది. కూరగాయలు కోసి, ఉడికించి, ఆ నీళ్లు వార్చి పారబోసి, అప్పుడే తాలింపు వేస్తుంది; అలా చేస్తే, చెడిపోయిన కిడ్నీలు బయటికి పంపలేని పొటాషియం అనే ఖనిజం కొంత పోతుంది. గంజి పారబోస్తేనే మా మీద కోపగించుకునే మనిషికి ఆ నీళ్లు పారబోసేటప్పుడు ఎంత కష్టంగా ఉంటుందో నాకు తెలుసు.

అమెరికాలో కిడ్నీలు పూర్తిగా చెడిపోయిన వారికి ఏ వయసులోనైనా ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ వర్తించేలా 1972లోనే చట్టం మార్చారు. 2025లో ఒక్కో డయాలసిస్‌కు ఆ బీమా లెక్కగట్టిన మూల ధర దాదాపు 274 డాలర్లు, మన డబ్బులో సుమారు 24 వేలు. తాతయ్యకు ఇక్కడ డయాలసిస్‌కు డబ్బు తీసుకోవడం లేదు, పైగా నెలకు పదివేల పింఛను వస్తోంది. ఈ మాట డాలస్‌లో నా స్నేహితులకు గర్వంగా చెప్పాను. అయితే ఇదంతా ఒక్కరోజులో వచ్చింది కాదు. మా ప్రాంతంలో ఈ కిడ్నీ జబ్బు చాలామందికి ఉంది. మా ఊరివాళ్లు డయాలసిస్ కోసం రెండు వందల కిలోమీటర్ల దూరంలోని విశాఖకు వారానికి మూడుసార్లు వెళ్లలేక, మధ్యలోనే మానేసి, ప్రాణాలు వదిలిన రోజులు నేను చూశాను. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, హిరమండలం నుంచి పైపుల్లో వంశధార తాగునీరు 2023 డిసెంబరులో గాని ప్రారంభం కాలేదు. మద్యం ముట్టని, షుగరు లేని రైతుకూలీలకు ఈ జబ్బు ఎందుకు వస్తోందో ఇప్పటికీ తేలలేదు. నీరు అన్నారు, ఎండ అన్నారు, పురుగుమందులు అన్నారు. మా ఆఫీసు క్యాంటీన్‌లో పనిచేసే ఎల్ సాల్వడార్ ఆవిడ ఒకరోజు నేను ఏడ్చి వచ్చిన ముఖం చూసి కారణం అడిగితే, కిడ్నీ అని చెప్పాను. చెరకు కొట్టే పనిచేసిన తన తండ్రి కూడా కారణం తెలియని ఆ కిడ్నీ జబ్బుతోనే పోయారని ఆవిడ చెప్పింది. వేలమంది తెలుగువాళ్లున్న డాలస్‌లో నా బాధ చెప్పకుండానే అర్థమైన మనిషి ఆవిడ ఒక్కతే.

ఇంక ఈరోజు సంగతి చెప్పి ముగిస్తాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు తాతయ్య కొబ్బరిచెట్లు నలభైలో ముప్పై ఒకటి పడిపోయాయి. నలభై ఏళ్లు పెంచిన చెట్లు ఒక్క రాత్రిలో పోయాయి. డెబ్బై దాటిన వయసులో ఇంకెందుకని అందరూ వారిస్తున్నా, మరుసటి వర్షాకాలంలో ఆయన మళ్లీ మొక్కలు నాటారు. ఈ ఏడు అవి మొదటి కాపు కాశాయి. ఒక గ్లాసు కొబ్బరినీళ్లలో సుమారు 600 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. డయాలసిస్‌లో ఉన్నవారికి అది గుండెను ఆపేయగల విషం. తాను నాటిన చెట్టు కాయను ఆయన తాగరాదు.

ఈ ఉదయం చెట్టెక్కే మనిషిని పిలిపించి తాతయ్యే నాలుగు బొండాలు దింపించారు. ఆయన ఎదుట తాగడం నాకు ఇష్టంలేక, తర్వాత తాగుతానని గదిలో పెట్టబోయాను. “తర్వాతెందుకు, ఇక్కడే కూర్చుని తాగు, నాను చూడాల” అన్నారు. తాగాను. ఆయన నా ముఖం వైపే చూస్తూ కూర్చున్నారు.

“తియ్యగా ఉన్నాయా?”

“తియ్యగా ఉన్నాయి తాతా.”

“మూలనున్న చెట్టువి. అక్కడ నేల మంచిది” అని, కాసేపు తోటవైపు చూసి, అమ్మమ్మను తన సీసా తెమ్మన్నారు. ఆవిడ గ్లాసులో రెండు వేళ్ల మందం నీళ్లు పోసింది. ఆయన వాటిని పుక్కిట పట్టి, చాలాసేపు అలాగే ఉంచుకొని మింగారు.

రేపు శనివారం. ఆటో ఏడు గంటలకు వస్తుంది.