మూత్రం సంచి ముందే చెబుతుంది: వార్డులో కిడ్నీ దెబ్బ, ప్రాణాపాయం

డ్యూటీ డాక్టర్లకు, నర్సింగ్ సిబ్బందికి నమస్కారం.

నిమోనియాతో చేరిన మనిషికి రెండు రోజుల్లో రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ వడగట్టి పంపాల్సిన వ్యర్థం) డెసిలీటరుకు 0.9 నుంచి 1.3 మి.గ్రా.కి వచ్చిందనుకోండి. "1.3యే కదా" అని రిపోర్టు పక్కన పెట్టేస్తాం. 48 గంటల్లో 0.3 పెరిగితే చాలు, అది అక్యూట్ కిడ్నీ ఇంజురీ, అంటే కిడ్నీకి ఉన్నట్టుండి తగిలిన దెబ్బ, అని 2012 కెడిగో (అంతర్జాతీయ కిడ్నీ వైద్య సంస్థ) మార్గదర్శకాలు చెబుతున్నాయి. అమెరికాలో దాదాపు 20 వేల మంది రోగుల మీద 2005లో వచ్చిన అధ్యయనంలో, వయసు, ఇతర జబ్బులు లెక్కలోకి తీసుకున్నాక కూడా, క్రియాటినిన్ 0.5 పెరిగినవాళ్లకు మరణ సంభావ్యత నిష్పత్తి (ఆడ్స్) ఆరున్నర రెట్లు కనిపించింది.

పైగా క్రియాటినిన్ ఆలస్యంగా పలికే సాక్షి. దెబ్బ తగిలాక ఒకటి రెండు రోజులకు గానీ స్పష్టంగా పెరగదు. కండ కరిగిన వృద్ధుల్లో తక్కువగానే ఉంటుంది, లీటర్లకొద్దీ సెలైన్ ఎక్కిస్తే పలచబడి ఇంకా మోసం చేస్తుంది. మూత్రం అంతకంటే ముందే చెబుతుంది. 60 కిలోల మనిషికి గంటకు 30 మి.లీ. కంటే తక్కువగా 6 గంటలు సాగితే కిడ్నీ దెబ్బలో మొదటి దశ, 12 గంటలు సాగితే రెండోది. గంటకు 18 మి.లీ. కూడా రాకుండా 24 గంటలు గడిచినా, 12 గంటలు చుక్క రాకపోయినా మూడోది. తెల్లవారాక ఒకేసారి సంచి ఖాళీ చేసి "రాత్రి 300" అని రాస్తే ఏ గంటకు తగ్గిందో ఎవరికీ తెలియదు. దయచేసి ఐసియులో గంటగంటకూ రాయండి.

మూత్రం ఆగితే సెలైన్ వేగం పెంచే ముందు గొట్టం చూడండి. మడత పడిందా, రక్తపు గడ్డ అడ్డుపడిందా, పొత్తికడుపులో మూత్రాశయం ఉబ్బి చేతికి తగులుతోందా?

ఈ రోగుల్లో ఉన్నట్టుండి ప్రాణం తీసేది రక్తంలో పెరిగిన పొటాషియం. లీటరుకు 6.5 మిల్లీమోల్ దాటినా, ఈసీజీలో టి తరంగాలు మొనదేలినా, 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ 10 మి.లీ. ఈసీజీ చూస్తూ నెమ్మదిగా సిరలోకి ఇవ్వాలి. ఈసీజీ మారకపోతే 5 నుంచి 10 నిమిషాల్లో మళ్లీ ఇవ్వాలి. అది గుండెను కాచుకుంటుందే తప్ప పొటాషియాన్ని తగ్గించదు, పైగా గంటలోపే దాని బలం పోతుంది. తగ్గించడానికి 10 యూనిట్ల రెగ్యులర్ ఇన్సులిన్, దానితో 25 గ్రాముల గ్లూకోజ్, అంటే 25 శాతం డెక్స్ట్రోజ్ 100 మి.లీ. పొరపాటు ఎక్కువగా జరిగేది ఆ తర్వాతే. పాడైన కిడ్నీ ఇన్సులిన్‌ను త్వరగా వదిలించుకోలేదు, రెండు మూడు గంటలకు షుగర్ పడిపోతుంది. కనీసం 6 గంటలు గంటగంటకూ షుగర్ చూడాలి.

ఒంట్లో పేరుకున్న నీరు నెమ్మదిగా చంపుతుంది. ఎక్కించినదాంట్లోంచి బయటికి పోయింది తీసేస్తే మిగిలిన నీరు చేరిననాటి బరువులో 10 శాతం దాటినవాళ్లలో మరణాలు ఎక్కువ. 60 కిలోలకు అది 6 లీటర్లే, మూడు నాలుగు రోజుల్లో తెలియకుండానే చేరుతుంది. లాసిక్స్ (మూత్రం ఎక్కువ చేసే మందు) నీరు తీయడానికి పనికొస్తుంది గానీ కిడ్నీని బాగుచేయదు.

కిడ్నీని దెబ్బతీసే మందులు కాబట్టి నొప్పి మందు డైక్లోఫెనాక్ ఆపండి, యాంటీబయాటిక్ అమికాసిన్ తప్పించండి. రక్తపింజరి కాటుతో వచ్చినవాళ్లకు నొప్పి అని డైక్లోఫెనాక్ సూది వేయడం అసలే వద్దు, ఆ విషమే కిడ్నీని దెబ్బతీస్తుంది.

డయాలసిస్ తొందరగా పెడితే బతుకుతారా? 2020లో వచ్చిన స్టార్ట్-ఏకేఐ పరీక్షలో సుమారు 3 వేల మందిలో, ముందే పెట్టినా, అవసరమయ్యేదాకా ఆగినా, 90 రోజుల మరణాలు రెండు వైపులా దాదాపు 44 శాతమే. అయితే మందుకు లొంగని పొటాషియం, ఊపిరితిత్తుల్లో నీరు, తగ్గని ఆమ్లత్వం ఉంటే ఆగకూడదు. డయాలసిస్ లేని ఆసుపత్రి అయితే అంతవరకు రాకముందే పంపించండి.

డిశ్చార్జి కాగితం మీద చివరి క్రియాటినిన్, ఆపిన బీపీ మాత్రల పేర్లు, వాటిని మళ్లీ ఎవరు ఎప్పుడు మొదలుపెట్టాలో రాయండి. 3 నెలలకు క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ పరీక్షకు తేదీ వేసి ఇవ్వండి.