చలిలో డర్ట్ బైక్ ఎక్కేముందు

శ్రోతలందరికీ నమస్కారం. మట్టి బాటల్లో, గుట్టల మీద, మంచులో డర్ట్ బైకులూ, ఏటీవీలనే నాలుగు చక్రాల బళ్ళూ నడిపేవాళ్ళు చలికాలంలో ఏం వేసుకోవాలో ఇవాళ మాట్లాడుకుందాం.

సున్నా డిగ్రీల చలిలో గంటకు 40 కిలోమీటర్ల వేగంతో గాలి తగిలితే ఒంటికి మైనస్ 7లా ఉంటుంది, ఆ గాలి పుట్టడానికి బండి వేగమే చాలు. ఇది తెలిసే చాలామంది ఉన్న స్వెటర్లన్నీ వేసేసుకుంటారు, చిక్కంతా అక్కడే. గతుకుల్లో నిలబడి బండిని అదుపు చేస్తుంటే ఒళ్ళంతా కష్టపడుతుంది, చెమట పోస్తుంది, అది కాటన్ బనీనులో ఇంకిపోయి, బండి ఆపగానే చల్లబడి ఒంట్లో వేడిని లాగేస్తుంది. నీళ్ళు వేడిని లాగే వేగం గాలికన్నా దాదాపు 25 రెట్లు ఎక్కువ. అందుకే కాటన్ వద్దని గట్టిగా చెబుతున్నాను. ఒంటికి అంటుకుని పాలిస్టర్ లేదా మెరినో ఉన్ని థర్మల్స్, దానిమీద ఫ్లీస్ అనే నూగులాంటి మెత్తటి బట్ట, పైన గాలి చొరబడని జాకెట్. బయల్దేరేటప్పుడు కాస్త చలిగా ఉంటేనే సరిగ్గా వేసుకున్నట్టు.

చేతుల గురించి నాకు నిజంగా బెంగ. వేళ్ళు కొంకర్లు పోతే బ్రేక్ లీవర్ ఎంత నొక్కుతున్నామో తెలీదు, ఏటీవీల్లో బొటనవేలితో నొక్కే థ్రాటిల్, అంటే యాక్సిలరేటర్, వదిలామో లేదో కూడా తెలీదు. అలాగని దిండుల్లాంటి గ్లోవ్స్ వేసుకున్నా అదే ప్రమాదం. ఓ మోస్తరు మందంవి వేసుకుని, హ్యాండిల్‌కు గాలి ఆపే కవర్లు తగిలిస్తే చెయ్యి వెచ్చగానూ ఉంటుంది, పట్టూ తెలుస్తుంది. కాళ్ళకు రెండు జతల సాక్స్ ఇరికించి బూట్లు బిగిస్తే రక్తం సరిగా ఆడక పాదాలు ఇంకా గడ్డకడతాయి, ఒక్క ఉన్ని జత చాలు.

మెడకు మఫ్లర్ అస్సలు వద్దండీ, కొస చైన్‌లోనో చక్రంలోనో పడితే మెడకే ఉరి. తలమీంచి తొడుక్కునే గొట్టంలాంటి నెక్ వార్మర్లు దొరుకుతాయి. హెల్మెట్ కింద మందపాటి మంకీ క్యాప్ పెడితే హెల్మెట్ సరిగ్గా కూర్చోదు, పడినప్పుడు తలను కాపాడదు, తలా మెడా కప్పి ముఖం దగ్గర తెరిచుండే పల్చటి తొడుగు, బాలాక్లావా, వేసుకోండి. గాగుల్స్‌కు రెండు పొరల అద్దం ఉంటే ఆవిరి అంతగా పట్టదు.

అన్నీ వేసుకున్నాక ఇంజిన్ ఆపిన బండిమీద ఒకసారి కూర్చోండి. హ్యాండిల్ ఆ చివరినుంచి ఈ చివరికి తిప్పండి, బ్రేక్ నొక్కండి, వెనక్కి తిరిగి చూడండి. ఎక్కడైనా బట్ట పట్టేస్తే అది మార్చాల్సిందే.

పొడి గ్లోవ్స్, సాక్స్ ఒక జత తడవని సంచిలో ఉంచుకోండి. దారిలో తోడున్నవాళ్ళు గజగజ వణుకుతూ, మాట ముద్దగా వస్తూ, జిప్ కూడా పెట్టుకోలేక తడబడుతుంటే వాళ్ళను ఇక బండి నడపనివ్వకండి. గాలి తగలనిచోట తడిబట్టలు విప్పించి పొడివి తొడిగి, వెంటనే వైద్యసాయానికి ఫోన్ చేయండి. తెల్లగా మొద్దుబారిన వేళ్ళను మాత్రం రుద్దకూడదు.