మూలకణాలు ఎక్కిస్తే పుండు మీద చర్మం మొలుస్తుందా?

అందరికీ నమస్కారం. ఈమధ్య మా దగ్గరికి వచ్చేవాళ్లు అడుగుతున్న మాటతోనే మొదలుపెడతాను. "డాక్టరు గారూ, మావాడి కాలి పుండు ఎంతకీ మానట్లేదు, స్టెమ్ సెల్స్ వేయిస్తే కొత్త చర్మం వచ్చేస్తుందట కదా?" మావాడంటే వాళ్ల లాబ్రడార్ లెండి. స్టెమ్ సెల్స్ అంటే మూలకణాలే, అంటే వేరే రకాల కణాలుగా మారగలిగే కణాలు.

జరిగేది ఇదీ. కుక్క చర్మం కింద నుంచి కాస్త కొవ్వు తీసి, ఎంజైముతో కరిగించి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే అడుగున మూలకణాలతో సహా కణాలు చేరతాయి, వాటిని ఇంక్యుబేటర్‌లో 37 డిగ్రీల వేడిలో కొన్ని వారాలు పెంచి, సన్న సూదితో పుండు అంచు చుట్టూ ఎక్కిస్తారు. ఎక్కించిన వాటిలో చాలావరకు త్వరలోనే చచ్చిపోతాయి. మరి డబ్బు దండగేనా? కాదు. బతికున్న ఆ కాస్తలోనే అవి వదిలే పదార్థాలు వాపును అదుపు చేస్తాయి, కొత్త రక్తనాళాలు పుట్టిస్తాయి, అంచున ఉన్న చర్మకణాల్ని పుండు మీదికి పాకేలా చేస్తాయి. అంటే ఇవి మేస్త్రీలు, ఇటుకలు మోసేది మాత్రం పశువు సొంత కణాలే.

అసలు కష్టం చూడాలంటే గుర్రాన్ని చూడాలి. మోకాలి కింద గాయమైతే అక్కడ లాగితే సాగే చర్మం ఉండదు, రక్తప్రసరణా అంతంతే, పైగా ఎర్రటి కండ ఉబికి చర్మం కంటే ఎత్తు పెరిగిపోతే అంచు దాని మీదికి ఎక్కలేదు. ఇలాంటి వాటి మీదే ఈ వైద్యానికి నాకు ఆశ ఎక్కువ. మన ఇజ్జత్‌నగర్‌లోని ఐవీఆర్‌ఐ (భారత పశువైద్య పరిశోధన సంస్థ)లోనూ మేక ఉమ్మనీటి మూలకణాల్ని కుందేళ్ల గాయాల మీద పరీక్షించారు. అయితే 2019లో యూరప్ మొట్టమొదట అనుమతించిన పశువుల స్టెమ్ సెల్ మందు గుర్రాల కుంటికి, పుండ్లకు కాదు. ఇది మర్చిపోకండి.

ఎద్దు మెడ మీద కాడి పుండుకు ఇదంతా ఎందుకండీ, కాడి దించి రెస్ట్ ఇవ్వండి చాలు. పురుగులు పడితే పశువైద్య హెల్ప్‌లైన్ 1962కి ఫోన్ చేయండి, ముందు పురుగులు తీసి కడగాలి. చీము పట్టిన పుండులో ఎంత ఖరీదైన కణాలు పోసినా బతకవు.

నెలల తరబడి మానని పుండైతే మాత్రం, సూది వేయించే ముందు చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపమని అడగండి. అది కేన్సరైతే, రక్తనాళాలు పెంచే ఈ కణాలు దానికే మేలు చేసే ప్రమాదం ఉంది.