సూదిముక్క ఏం చెబుతుంది? ఆటోఇమ్యూన్ లివర్ జబ్బుల్లో రకాలు

[స్క్రీన్‌పై: గులాబీ, ఊదా రంగుల్లో బయాప్సీ స్లైడ్]

మందు అలవాటు లేదు, హెపటైటిస్ వైరస్ పరీక్షలు నెగెటివ్. అయినా లివర్ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎస్‌జీపీటీ వందల్లో ఉంది. మన రోగనిరోధక శక్తే కాలేయం మీద దాడి చేసే ఆటోఇమ్యూన్ జబ్బేమోనని అనుమానం. డాక్టర్ బయాప్సీ అనగానే ఇంటిల్లిపాదికీ టెన్షన్. నిజానికి సూదితో తీసేది రెండు సెంటీమీటర్ల సన్నటి ముక్క, కాలేయంలో సుమారు 50,000వ వంతు.

[జూమ్: పోర్టల్ ట్రాక్ట్ అంచు]

రక్తనాళాలు, చిన్న పిత్తనాళం కలిసి ఉండే ఈ చోటే పోర్టల్ ట్రాక్ట్. దాని అంచున కాలేయ కణాలు వరసగా ఉండాలి. ఇక్కడ చూడండి, వరద నీటికి పొలం గట్టు కోసుకుపోయినట్టు ఆ వరస చెదిరిపోయింది. ఇదే ఇంటర్‌ఫేస్ హెపటైటిస్. కేంద్రకం ఓ పక్కకు ఒరిగి ఉన్న ఈ గుంపు ప్లాస్మా కణాలు. యాంటీబాడీలు తయారుచేసేవి ఇవే. రక్తపరీక్షలో ఐజీజీ అనే యాంటీబాడీ ఎక్కువని వచ్చేది అందుకే.

అలాగని ఇది కనిపించగానే ఆటోఇమ్యూన్ హెపటైటిస్ అని తేల్చేయకూడదు. వైరల్ హెపటైటిస్‌లోనూ, కొన్ని మందులతోనూ ఇలాగే ఉంటుంది. కోవిడ్ రోజుల్లో తిప్పతీగ వాడిన కొందరిలో ఇలాంటి మార్పులే చూశామని 2021లో ముంబై డాక్టర్లు రాశారు. కాబట్టి కషాయాలు, పసర్ల సంగతి డాక్టర్ దగ్గర దాచకండి.

[స్క్రీన్‌పై: మధ్య సిర]

హఠాత్తుగా కామెర్లతో వచ్చినవాళ్లలో కొందరికి అంచు బాగానే ఉండి, కాలేయ కణాల చిన్న గుంపు నడుమ ఉండే మధ్య సిర చుట్టూ కణాలు చచ్చిపోయి ఉంటాయి. ఇది వేరే ఉపరకమా, అదే జబ్బు తొలిదశా అన్న చర్చ ఉంది. నేనైతే తొలిదశ వైపే మొగ్గుతాను. మళ్లీ బయాప్సీ చేసినప్పుడు కొందరిలో పోర్టల్ ట్రాక్ట్ అంచు చెదిరే మామూలు తరహా కనిపించింది మరి.

ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌లో టైప్ 1, టైప్ 2 తేడా మాత్రం స్లైడ్‌లో దొరకదు, రక్తంలోని యాంటీబాడీలను బట్టి చెబుతారు. ఏఎన్‌ఏ, ఎస్‌ఎంఏ ఉంటే మొదటిది. యాంటీ ఎల్‌కేఎం1 ఉంటే రెండోది, ఇది ఎక్కువగా పిల్లల్లో.

[స్క్రీన్‌పై: పిత్తనాళం]

దాడి పిత్తనాళం మీదైతే జబ్బే వేరు. పీబీసీ (ప్రైమరీ బిలియరీ కోలాంజైటిస్)లో నాళాన్ని ఆనుకుని గ్రాన్యులోమాలు, అంటే రోగనిరోధక కణాల చిన్న ముద్దలు ఉండొచ్చు, రక్తంలో ఏఎంఏ అనే యాంటీబాడీ వస్తుంది. పీఎస్‌సీ (ప్రైమరీ స్క్లిరోజింగ్ కోలాంజైటిస్)లో నాళం చుట్టూ పొరలు పొరలుగా మచ్చ కడుతుంది, అయితే సూదికి అది చిక్కకపోవచ్చు కాబట్టి పిత్తనాళాలను చూపే ఎంఆర్‌సీపీ స్కాన్ మీదే ఎక్కువ ఆధారపడతారు. ఒకే మనిషిలో అంచూ, పిత్తనాళమూ రెండూ దెబ్బతింటే ఓవర్‌ల్యాప్ అంటారు. పీబీసీతో కలిసి వస్తే పీబీసీకి వాడే యూడీసీఏ మాత్రలకు తోడు స్టెరాయిడ్ కూడా పడాల్సి రావచ్చు.