ఆకలిని దాచుకునే పిల్లలు

శ్రోతలకు నమస్కారం. అన్నం మానేయడం మన ఇళ్లలో తప్పుగా కనిపించదు. శనివారం ఒంటిపొద్దున్నా, పరీక్షల టెన్షన్‌తో రెండు ముద్దలకే లేచినా ‘పోనీలే’ అంటాం. అందుకే ఆ అలవాటు జబ్బుగా మారేటప్పుడు చప్పున కనిపెట్టలేం.

ఆటలాడే పిల్లల్లో అయితే దాన్ని మెచ్చుకుంటాం కూడా. నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలోనో, ఒంగోలు గ్రౌండ్‌లోనో పొద్దున్నే చెమటోడ్చే పిల్లల్ని చూస్తే ముచ్చటేస్తుంది. కుస్తీ, బాక్సింగ్, వెయిట్‌లిఫ్టింగ్‌లలో బరువును బట్టి పోటీలుంటాయి. జూనియర్ కబడ్డీకీ బరువు హద్దుంది. కాటా ఎక్కే ముందు నీళ్లు మానేయడం, రెయిన్‌కోటు తొడుక్కుని ఎండలో పరుగెత్తడం, ఇవన్నీ పట్టుదల కిందే జమ. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మన కుస్తీ క్రీడాకారిణి వినేశ్ ఫోగట్ సెమీస్ గెలిచిన రాత్రంతా బరువు దించడానికి తంటాలు పడి, చివరికి 100 గ్రాములు ఎక్కువ తూగి ఫైనల్‌కు దూరమైంది. 1997లో అమెరికాలో ఇలా బరువు దించుకోబోయి నెల రోజుల పైచిలుకులోనే ముగ్గురు కాలేజీ కుస్తీ కుర్రాళ్లు చనిపోయారు. అప్పుడుగానీ అక్కడ నిబంధనలు మారలేదు. మన రోహిణి కార్తె ఎండల్లో ఆ పని చేయించే పెద్దల్ని ఏమనాలి?

పరుగు పందేలాడే ఆడపిల్లలకు తిండి చాలక నెలసరి ఆగిపోతుంటుంది. ‘ప్రాక్టీస్ ఎక్కువైతే అంతే’ అని సరిపెట్టుకుంటారు. అంతే కాదు, ఎముకలు బలహీనపడి, దెబ్బ తగలకుండానే కాలి ఎముకలో సన్నని పగుళ్లొస్తాయి. ఈ శక్తి కొరత మగపిల్లల్నీ దెబ్బతీస్తుందని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లోనే చెప్పింది.

ఆటల జోలికి పోనివాళ్లకు అద్దం, ఫోను, పెళ్లిచూపులు, ‘ఏమ్మా, ఇంత లావయ్యావే’ అనే చుట్టాలు చాలు. ఇంట్లో చేపల పులుసు వండినా ఆకల్లేదని లేచిపోతారు. అర్ధరాత్రి దొరికిందల్లా తినేసి, సిగ్గుతో వేలు పెట్టుకుని కక్కుకుంటారు. పదేపదే అలా చేస్తే పళ్ల పైపొర అరుగుతుంది. ఒంట్లో పొటాషియం పడిపోయి గుండె లయ తప్పొచ్చు. ఎముకల గూడులా ఉంటేనే జబ్బనుకోకండి, చాలామంది చూడ్డానికి మామూలుగానే ఉంటారు.

బిడ్డ కంచం వైపే చూస్తూ ‘తిను, తిను’ అంటే పని జరగదు. అన్నం దగ్గర బరువు మాటెత్తకండి. తిన్న ప్రతిసారీ బాత్‌రూమ్‌కు పోతున్నా, కళ్లు తిరుగుతున్నా, మూడు నెలలుగా నెలసరి రాకపోయినా డాక్టరుకు చూపించండి. మానసిక వైద్యుడంటే జంకుగా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

కోచ్ సార్లకూ ఒక మాట. పిల్లవాడు ఏ బరువులో ఆడాలన్నది సీజన్ మొదట్లోనే, వాడు కడుపునిండా తింటున్న రోజుల్లోనే తేల్చేయండి. పోటీ ముందు రోజు దాకా ఆగకండి. సెలవు.