ముప్పై పాయింట్ల తేడా వచ్చాక గడియారం ఆపకూడదా? అమ్మాయిల అండర్‌-19 బాస్కెట్‌బాల్‌పై చర్చ

పాల్గొన్నవారు: యువ జట్లకు శిక్షణ ఇచ్చే కోచ్, మాజీ పాయింట్ గార్డ్ (బంతిని ముందుకు తెచ్చి జట్టు ఆటని నడిపే క్రీడాకారిణి), క్రీడా వైద్యురాలు, బాస్కెట్‌బాల్ విశ్లేషకుడు. మాటల మీద మాటలు పడిన చోట వినిపించినంతే రాశాం.

వ్యాఖ్యాత: నమస్కారం. అమ్మాయిల అండర్‌-17, అండర్‌-19 ప్రపంచ కప్‌లు వచ్చాయంటే ఒక గొడవ కూడా వెంటే వస్తుంది. ఒక జట్టు వంద దాటుతుంది, ఎదుటి జట్టు ముప్పై నలభై దగ్గరే ఉండిపోతుంది. అయినా నాలుగో క్వార్టర్‌లో ఫుల్ కోర్ట్ ప్రెస్, అంటే కోర్టు పొడవునా మీదపడి అడ్డుకోవడం, ఆపరు. బెంచ్ మీద తువ్వాలు కప్పుకుని ఏడ్చే పిల్లల్ని చూస్తే ఇది పోటీయా, శిక్షా అనిపిస్తుంది. ఈరోజు నలుగురికీ సమానంగా సమయం ఇస్తాను, దయచేసి ఎవరూ అడ్డుపడొద్దు. కోచ్ గారూ, మామూలుగా ఆట ఆగిన ప్రతిసారీ గడియారమూ ఆగుతుంది; 30 పాయింట్ల తేడా దాటాక దాన్ని ఆపకుండా నడిపేస్తే వచ్చే నష్టమేంటి?

కోచ్: పన్నెండో అమ్మాయికి దొరికే నాలుగు నిమిషాలు పోతాయండీ. అదే నష్టం. జట్టులో పన్నెండు మంది ఉంటారు. తేడా తేలిపోయాకే రెండు వైపులా బెంచ్ కదులుతుంది. ఇంటి దగ్గర సంవత్సరాల తరబడి కష్టపడి వచ్చిన పిల్ల సరిగ్గా అప్పుడే కోర్టులో అడుగుపెడుతుంది. మీరేమో అప్పుడే గడియారాన్ని పరిగెత్తిస్తామంటున్నారు.

వ్యాఖ్యాత: కానీ ఆ కన్నీళ్లు...

కోచ్: ఉండండి, పూర్తి చేయనివ్వండి. కన్నీళ్లు గెలిచినవాళ్లకూ వస్తాయి, ఓడినవాళ్లకూ వస్తాయి. 2019లో బ్యాంకాక్‌లో అండర్‌-19 ఫైనల్ ఓవర్‌టైమ్‌కి వెళ్లింది. అమెరికా 74, ఆస్ట్రేలియా 70. ఆ ఆస్ట్రేలియా పిల్లలు ఏడవలేదా? నాలుగు పాయింట్లతో ఓడితే బాధ ఇంకా ఎక్కువ ఉంటుంది. దానికేం నియమం పెడతారు?

మాజీ క్రీడాకారిణి: ఆ రెండు బాధలూ ఒకటి కావు సార్. నేను పాయింట్ గార్డ్‌ని కాబట్టి చెబుతున్నాను. ఎదుటివాళ్లు ప్రెస్ వేశారంటే బంతి అందుకున్న క్షణం నుంచీ ఇద్దరు మీద పడతారు. 8 సెకన్లలో సగం కోర్టు దాటించాలి. దాటించలేకపోతే బంతి వాళ్లదే. ఒకసారి పోయి, రెండోసారి పోయి, మూడోసారీ పోయిందంటే ఇక బంతి నా చేతికి రాకపోతే బాగుండు అనిపిస్తుంది. నాలుగు పాయింట్ల ఓటమిలో మళ్లీ ఆడాలన్న కోపం ఉంటుంది. ఈ ఓటమిలో బంతంటేనే భయం...

వ్యాఖ్యాత: చూశారా! బంతంటేనే భయం. కోచ్ గారూ, దీనికేమంటారు? దయ చూపించే నియమం ఒకటి ఉండాలి కదా?

కోచ్: మేడమ్‌గారి మాట కాదనను. అయితే ఆ ప్రెస్ ఎందుకు వేస్తారో అడగండి. ప్రపంచ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా నిబంధనల్లో పాయింట్ల తేడాకి విలువ ఉంది. గ్రూపులో జట్లు సమానమైతే తేడా చూస్తారు. తేడాకి లెక్క ఉన్నంతకాలం ఏ కోచ్ అయినా ఇంకా పాయింట్లు కొట్టమనే చెబుతాడు, నేనైనా అంతే. తప్పు నిబంధనది, పిల్లలది కాదు.

విశ్లేషకుడు: ఇక్కడ చిన్న సవరణ. రెండు జట్లు సమానమైతే ముందు చూసేది వాళ్లిద్దరి మధ్య మ్యాచ్ ఎవరు గెలిచారని. మూడు జట్లు సమానమైతే ఆ మూడింటి మధ్య జరిగిన మ్యాచ్‌ల వరకే తేడా తీస్తారు. అక్కడా తేలకపోతేనే గ్రూపులో మిగతా మ్యాచ్‌ల దాకా వస్తారు. కాబట్టి అట్టడుగు జట్టు మీద 90 తేడాతో గెలిచినా చాలాసార్లు అది దేనికీ అక్కరకు రాదు. కోచ్ గారు చెప్పిన కారణం...

కోచ్: చాలాసార్లు అన్నారు. ఎప్పుడూ కాదు కదా! ఆ ఒక్కసారి నా జట్టుకే వస్తే? గ్రూపు మూడు మ్యాచ్‌లే. మొదటిరోజు నాకేం తెలుసు చివరికి ఎవరెవరు సమానంగా తేలతారో?

విశ్లేషకుడు: అసలు సంగతి పోటీ నిర్మాణంలో ఉందంటున్నాను. పదహారు జట్లు, నాలుగేసి చొప్పున నాలుగు గ్రూపులు. గ్రూపు దశలో ఎవరూ ఇంటికి వెళ్లరు, పదహారూ ముందుకెళ్తాయి. అక్కడ ఒక గ్రూపులో మొదటి జట్టుకి పక్క గ్రూపులో నాలుగో జట్టు ఎదురవుతుంది. అంటే వరసగా మూడు ఓడిపోయి వచ్చిన పిల్లల్ని నాలుగో మ్యాచ్‌లో మళ్లీ ఇంకో బలమైన జట్టు ముందు నిలబెడుతున్నాం. ఏకపక్షం స్కోర్లు ఆకాశం నుంచి ఊడిపడటం లేదు, షెడ్యూల్లోనే ఉన్నాయి.

వ్యాఖ్యాత: మంచి పాయింట్. అందుకే గడియారం ఆపకుండా నడిపితే...

విశ్లేషకుడు: గడియారం గురించి కాదండీ నేను చెప్పేది.

కోచ్: జట్లు తగ్గిద్దామంటారా మీరు? సీనియర్ మహిళల ప్రపంచ కప్‌లో అదీ చేశారు. పదహారు జట్లని 2022 సిడ్నీకి పన్నెండు చేశారు. ఏమైంది? అమెరికా 145, దక్షిణ కొరియా 69. ఆ కప్ చరిత్రలోనే ఒక జట్టు చేసిన అత్యధిక స్కోరు, అదీ పన్నెండు జట్ల పోటీలో! ఇప్పుడు 2026 బెర్లిన్‌కి మళ్లీ పదహారు చేశారు. తగ్గిస్తే తేడాలు పోవని దీంతో తేలిపోయింది.

విశ్లేషకుడు: ఒక్క మ్యాచ్‌తో ఏదీ తేలిపోదు సార్. పైగా నేను తగ్గించమనలేదు, నాలుగో మ్యాచ్‌లో జతలు మార్చమన్నాను...

కోచ్: జతలు మారిస్తే గ్రూపులో మొదటి స్థానానికి విలువేముంటుంది?

(ఇద్దరి మాటలూ కలిసిపోయాయి)

వ్యాఖ్యాత: ఒకరి తర్వాత ఒకరు! డాక్టర్ గారూ, మీరింకా మాట్లాడలేదు. ఈ భారీ ఓటములు పిల్లల మనసు మీద ఎలాంటి గాయం చేస్తాయి?

వైద్యురాలు: మనసు సంగతి తర్వాత చెబుతాను, ముందు మోకాలు. ఈ టోర్నీలో ఒక్కో జట్టుకి తొమ్మిది రోజుల్లో ఏడు మ్యాచ్‌లు. ఓడినవాళ్లకీ స్థానాల కోసం మ్యాచ్‌లుంటాయి కాబట్టి వాళ్లకీ ఏడే. దూకి దిగేటప్పుడు, ఉన్నట్టుండి దిశ మార్చేటప్పుడు తెగే మోకాలి లోపలి ఏసీఎల్ లిగమెంట్ ఉందే, ఒకే ఆట ఆడే అబ్బాయిలకన్నా అమ్మాయిల్లో అది తెగే ప్రమాదం కనీసం రెండు రెట్లు. ఈ వయసులోనే ఎక్కువ. 2019 బ్యాంకాక్‌లో ఉత్తమ క్రీడాకారిణి పేజ్ బెకర్స్‌కి 2022లో తెగింది. 2022 అండర్‌-17లో ఉత్తమ క్రీడాకారిణి జుజు వాట్కిన్స్‌కి 2025 మార్చిలో తెగింది. తరానికి ఒకరుగా వచ్చే ఆటగత్తెలు...

కోచ్: ఆ రెండూ ఈ టోర్నీలో తగిలిన దెబ్బలు కావు డాక్టర్ గారూ.

వైద్యురాలు: ఈ టోర్నీలో అని నేనెక్కడన్నాను? ఏడాదంతా పడే భారం సంగతి చెబుతున్నాను. స్కూల్, క్లబ్, జాతీయ జట్టు అన్నీ ఒకే మోకాలి మీద పడతాయి. దిగడం ఎలాగో, ఆగడం ఎలాగో నేర్పే వార్మప్ వ్యాయామాలతో ఈ గాయాల్ని బాగా తగ్గించవచ్చని రుజువైంది. దాన్ని ప్రతి జట్టుకూ తప్పనిసరి చేయమంటున్నాను.

వ్యాఖ్యాత: తేడా ఎక్కువైనప్పుడు గడియారం ఆపకుండా నడిపితే మోకాళ్ల మీద భారం తగ్గుతుంది కదా, డాక్టర్ గారూ? అంటే మీరు కూడా ఆ నియమానికి అనుకూలమే.

వైద్యురాలు: నేనా మాట అనలేదండీ. ఐదారు నిమిషాలు తగ్గితే...

కోచ్: ఐదారు నిమిషాలతో ఒరిగేదేం లేదని డాక్టర్ గారే చెబుతున్నారు!

వైద్యురాలు: అదీ అనలేదు!

కోచ్: సరే, నేనొక ఉదాహరణ చెబుతాను, వినండి. మాలి. ఈ టోర్నీల్లో ఆఫ్రికా జట్లు ఎన్నేళ్లు చిత్తుగా ఓడాయి? అప్పుడు మీలాంటివాళ్లు అయ్యో పాపం అని పక్కన కూర్చోబెట్టి ఉంటే? 2021లో డెబ్రెట్సెన్‌లో అండర్‌-19 సెమీఫైనల్‌కి వచ్చింది మాలి. నాలుగో స్థానం. అందులో ఆడిన సికా కోనే మరుసటి ఏడాదే అమెరికా మహిళల ప్రొఫెషనల్ లీగ్‌కి ఆటగత్తెల్ని ఎంచుకునే డబ్ల్యూఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లోకి వెళ్లింది. దెబ్బ తినకుండా ఎవరూ పైకి రారు. 2017లో ఉదినెలో రష్యా అమ్మాయిలు ఫైనల్లో అమెరికాని ఓడించారు. 2016 అండర్‌-17లో ఆస్ట్రేలియా వాళ్లు సెమీఫైనల్లోనే అమెరికాని ఓడించి కప్ కొట్టారు. అమెరికా మీద దయ చూపించమని అప్పుడు ఎవరైనా అడిగారా?

మాజీ క్రీడాకారిణి: రష్యా, ఆస్ట్రేలియా అంటే లీగులున్న దేశాలు, అకాడమీలున్న దేశాలు. వాటిని ఇందులోకి ఎలా తెస్తారు?

వైద్యురాలు: మాలి పేరెత్తారు కాబట్టి పూర్తిగా చెప్పుకుందాం. ఆ 2021 ఆగస్టులో వాళ్లు సెమీఫైనల్ ఆడారు. అదే ఏడాది జూన్‌లో ఏం బయటికొచ్చింది? మాలి యువ మహిళా జట్లలో అమ్మాయిల్ని కోచ్‌లు ఏళ్ల తరబడి లైంగికంగా వేధించారన్న ఆరోపణలు. ఆ దేశ సమాఖ్యకి ఒకప్పుడు అధిపతిగా ఉండి, అప్పుడు ఫిబా అధ్యక్షుడిగా ఉన్నాయన, తనకేం తెలియదంటూనే విచారణ పూర్తయ్యేదాకా పక్కకు తప్పుకున్నారు. స్కోరు బోర్డు మీద అంకె చూసి ఇంత బాధపడుతున్నాం. జాతీయ జట్టులో చోటు కావాలంటే ఎవరి గదికి వెళ్లాలో అని భయపడే పదహారేళ్ల పిల్లకి 60 పాయింట్ల ఓటమి ఒక లెక్కా? ప్రతి జట్టుతో ఒక మహిళా అధికారి, దేశ సమాఖ్యతో సంబంధం లేకుండా ఫిర్యాదు చేసే దారి...

వ్యాఖ్యాత: చాలా తీవ్రమైన అంశం. దాని మీద వేరే రోజు ప్రత్యేకంగా చర్చ పెట్టుకుందాం. ఈరోజు అంశం స్కోరు...

వైద్యురాలు: వేరే రోజు ఎందుకండీ? పిల్లల మీద దయ గురించే కదా మీరు మొదలుపెట్టింది!

కోచ్: డాక్టర్ గారితో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను. అలాంటివాళ్లని జీవితకాలం నిషేధించాలి. కానీ అందులో ఆట తప్పేముంది? ఆటకీ దానికీ ముడి పెట్టొద్దు.

మాజీ క్రీడాకారిణి: ముడి ఉంది సార్. నోరెత్తలేని అమ్మాయి కోర్టులోనూ గొంతెత్తదు. పాయింట్ గార్డ్ పనే గట్టిగా పిలవడం, ఎవరెక్కడ నిలబడాలో చెప్పడం. ఆ ధైర్యం జట్టు వాతావరణం నుంచి రావాలి.

విశ్లేషకుడు: పిల్లల్ని ఆటకి దూరం చేసినవి వేరే నిబంధనలు కూడా ఉన్నాయి. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో ఖతార్ మహిళల జట్టు మ్యాచ్ ఆడకుండానే వెళ్లిపోయింది. హిజాబ్ తీస్తేనే ఆడనిస్తామన్నారు. ఆ నిబంధన మారింది 2017 అక్టోబర్‌లో. అప్పటిదాకా ఎంతమంది అమ్మాయిలు...

వ్యాఖ్యాత: అది సీనియర్ జట్టు కదండీ.

విశ్లేషకుడు: సీనియర్‌లోకి దారి లేదని తెలిస్తే జూనియర్‌లో ఎవరు చేరతారు?

కోచ్: అదే అడుగుతున్నాను! ఆడకుండా వెళ్లిపోతే నిబంధన ప్రకారం 20-0 ఓటమి, పట్టికలో సున్నా. ఆడి ఓడితే ఒక పాయింట్ ఇస్తారు. గెలిస్తే రెండు, ఓడినా ఒకటి. అంటే ఈ ఆటని రాసినవాళ్లే ఓడినా సరే పూర్తిగా ఆడినవాళ్లకి గౌరవం ఇచ్చారు. మనం ఆ గౌరవం తీసేసి గడియారం తిప్పి పంపించేద్దామంటున్నాం. 80 పాయింట్లు వెనకబడి కూడా చివరి 24 సెకన్లలో షాట్ వెతుక్కునే పిల్లని చూశాను నేను. ఆ షాట్ పడింది. మొత్తం బెంచ్ లేచి నిలబడింది. దాన్ని మీరు తీసేస్తారా? చెప్పండి, తీసేస్తారా?

వ్యాఖ్యాత: లేదు, అలా కాదు... అయితే కనీసం ప్రెస్ ఆపమని రాయవచ్చు కదా? 30 తేడా దాటాక సగం కోర్టు నుంచే కాపలా?

మాజీ క్రీడాకారిణి: అదైతే నాకు సమ్మతమే. బంతి సగం కోర్టు దాటితే పిల్లలు తమ ఆట ఒక్కటైనా నడిపించి చూసుకుంటారు.

కోచ్: మేడమ్, మరి గెలుస్తున్న జట్టు పన్నెండో అమ్మాయి ఏం నేర్చుకోవాలి? వాళ్ల కోచ్ ప్రెస్‌లో ఆమె స్థానం చూద్దామనుకుంటాడు. ఆమెకి దొరికేవీ ఆ నిమిషాలే. పైగా తేడా లెక్కలోకి వస్తుందని ముందే చెప్పాను...

విశ్లేషకుడు: దానికి జవాబిచ్చాను సార్, చాలాసార్లు రాదని!

కోచ్: ...తేడా లెక్కలోకి వస్తున్నంతకాలం ఆపమనడం అన్యాయం. ముందు ఆ నిబంధన తీయండి, తర్వాత నా దగ్గరకి రండి.

వ్యాఖ్యాత: అంటే నిబంధనలోనే లోపం ఉందని ఈ చర్చలో దాదాపు అందరూ ఒప్పుకున్నట్టే.

విశ్లేషకుడు: ఎవరు ఒప్పుకున్నారండీ? లోపం షెడ్యూల్లో ఉందన్నాను. ఇంకోటి, చిన్న జట్లకి ఈ టోర్నీకి ముందు బలమైన జట్లతో ఆడే అవకాశమే దొరకదు. యూరప్ జట్లకి ప్రతి వేసవిలో ఖండ స్థాయి పోటీలు, సన్నాహక మ్యాచ్‌లు. మిగతావాళ్లు ప్రెస్ ఎలా ఉంటుందో మొదటిసారి చూసేది ప్రపంచ కప్‌లోనే. ఆ మ్యాచ్‌లకి డబ్బు ఎవరిస్తారన్నదే నా ప్రశ్న.

వ్యాఖ్యాత: సమయం దగ్గరపడింది. అందరికీ తలా ముప్పై సెకన్లు. కోచ్ గారూ, మీరు మొదలుపెట్టండి.

కోచ్: ఒక్కటే మాట. ఈ అండర్‌-19 కప్ 1985లో కొలరాడో స్ప్రింగ్స్‌లో మొదలైంది. మొదటి రెండుసార్లూ గెలిచింది సోవియట్ యూనియన్. 2001లో బ్రనోలో సొంత ప్రేక్షకుల ముందు చెక్ అమ్మాయిలు గెలిచారు. ఎవరి కోసమూ గడియారం తిప్పలేదు, ఎవరి కోసమూ ప్రెస్ ఆపలేదు. చిన్న దేశం అయినంత మాత్రాన చిన్నచూపు అక్కర్లేదు. పిల్లల్ని ఆడనివ్వండి. పూర్తి 40 నిమిషాలు ఆడనివ్వండి. మన బాధ తగ్గించుకోవడానికి వాళ్ల ఆట కోయొద్దు. ఇంకో విషయం, శిక్షకుల గురించి...

వ్యాఖ్యాత: ధన్యవాదాలు కోచ్ గారూ, చాలా బలంగా చెప్పారు. మేడమ్, పది సెకన్లే ఉన్నాయి.

మాజీ క్రీడాకారిణి: ప్రెస్ విషయంలో నా మాట మారదు. బంతిని సగం దాటనివ్వండి, ఆ తర్వాత ఎంత కొట్టినా కొట్టండి.

వైద్యురాలు: నాకు ఒక్క వాక్యం కావాలి. ఫిర్యాదు చేసే దారి గురించి...

వ్యాఖ్యాత: డాక్టర్ గారూ, మిమ్మల్ని మళ్లీ తప్పకుండా పిలుస్తాం. 30 పాయింట్ల తేడా దాటాక ఆట నడవాలా, గడియారం నడవాలా, మీ అభిప్రాయం పంపించండి.

వైద్యురాలు: ప్రశ్న అది కాదండీ...

కోచ్: ఆటే నడవాలి!

(ప్రసారం ముగిసింది)