మాచు పిచ్చు కన్నా ముందు ఆ దారి

అందరికీ నమస్కారం. దక్షిణ అమెరికాలోని పెరూ కొండల మీద, స్పానిష్ వాళ్లు రాకముందు అక్కడ ఏలిన 'ఇంకా' జాతివాళ్లు కట్టిన రాతి ఊరు మాచు పిచ్చు. దాని ఫొటో చూడనివాళ్లు ఈ హాల్లో ఎవరూ ఉండరనుకుంటాను. అందుకే దాని గురించి తక్కువ మాట్లాడి, అక్కడికి చేర్చే, ఇంకాలు కట్టిన దారి గురించి ఎక్కువ చెబుతాను. నన్నడిగితే, అక్కడ చూడాల్సిన అసలు శిథిలం ఆ దారే.

పెరూలో కుస్కో నుంచి వెళ్లే రైలుమార్గంలో 82వ కిలోమీటరు దగ్గర ఈ నడక మొదలవుతుంది. మొత్తం 40 కిలోమీటర్ల పైచిలుకు. మామూలుగా నాలుగు రోజులు పడుతుంది. "రోజుకి పది కిలోమీటర్లేనా?" అని తీసిపారేయకండి. రెండో రోజు వార్మివన్యుస్కా కనుమ ఎక్కాలి. ఎత్తు 4,215 మీటర్లు. మన హైదరాబాద్ 540 మీటర్ల దగ్గర ఉంటుంది. ఆ కనుమ మీద గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదాంట్లో దాదాపు 60 శాతమే. పది మెట్లెక్కి ఆగుతాం, రొప్పుతాం, మళ్లీ పది మెట్లు. జిమ్‌లో బరువులెత్తే కుర్రాడు అక్కడ కూలబడొచ్చు, రిటైరైన టీచరమ్మ మెల్లగా ఎక్కేయొచ్చు. తలనొప్పి, వికారం, నిద్రపట్టకపోవడం మొదలైతే ఇంకా పైకి పోకూడదు. ముదిరితే కిందికి దిగడమే మందు. ఎత్తు వల్ల వచ్చే ఈ జబ్బుకి డయామాక్స్ లాంటి మాత్రలు వాడాలా వద్దా అన్నది బయల్దేరే ముందే డాక్టర్ని అడగండి.

విమానం దిగే కుస్కోయే 3,400 మీటర్ల ఎత్తులో ఉంది. దిగిన మర్నాడే నడక పెట్టుకోవద్దు. ముందు 2,800 మీటర్ల ఎత్తున్న ఒయాంతాయ్‌తాంబో అనే ఊరికి దిగి రెండు మూడు రోజులుంటే ఒంటికి అలవాటవుతుంది. చిత్రమేమిటంటే, మాచు పిచ్చు ఎత్తు 2,430 మీటర్లే. అంటే కొండలు ఎక్కి దిగి, చివరికి కుస్కో కన్నా దాదాపు వెయ్యి మీటర్ల కిందికి చేరతాం.

ఇక దారి. ఇంకాలకు చక్రాల బండ్లు లేవు, గుర్రాలు లేవు. మనుషులూ, బరువులు మోసే లామా అనే జంతువులూ నడిస్తే చాలు. కాబట్టి ఏటవాలు వచ్చిన చోట మెట్లు కట్టేశారు. తర్వాత వచ్చిన స్పానిష్ సైనికుల గుర్రాలకు ఇలాంటి మెట్లు పెద్ద ఇబ్బంది. బండ అడ్డొచ్చిన ఒకచోట సొరంగమే తొలిచారు. చాలాచోట్ల మన కాళ్ల కింద ఉన్నవి 15వ శతాబ్దపు రాళ్లే. ఇంకాలు కట్టిన మొత్తం రహదారుల జాలం సుమారు 30,000 కిలోమీటర్లు. యునెస్కో 2014లో దాన్ని వారసత్వ జాబితాలో చేర్చింది. మనం నడిచేది అందులో చిన్న ముక్క. మూడో రోజు సాయంత్రానికి వచ్చే విన్యాయ్ వైనా అనే ఇంకాల శిథిలం దగ్గర మాత్రం తొందరపడకండి. నిట్టనిలువు కొండ మీద అంచెలంచెలుగా కట్టిన పొలాల గట్లు, పై ఇళ్లకీ కింది ఇళ్లకీ మధ్య వరసగా రాతి జలధారలు. మాచు పిచ్చులో ఉండే జనం ఇక్కడుండరు.

1911లో హైరమ్ బింగమ్ అనే అమెరికన్ అన్వేషకుడు మాచు పిచ్చును 'కనుక్కున్నాడు' అంటారు. ఆయన్ని తీసుకెళ్లింది స్థానిక రైతు. పైన అప్పటికే కుటుంబాలు సేద్యం చేసుకుంటున్నాయి. కనుక్కోవడమంటే అదీ!

ఈ దారిలో కంచరగాడిదల్ని రానివ్వరు. టెంట్లు, గిన్నెలు, గ్యాస్ అన్నీ పోర్టర్ల వీపు మీదే. ఎక్కువమంది కెచువా భాష మాట్లాడే పల్లె రైతులు. మనం రొప్పుతూ నిలబడితే, పక్కనుంచి మూటతో దాటిపోయి, మనం చేరేసరికి వంట మొదలుపెడతారు. ఒకప్పుడు ఎంత పడితే అంత మోయించేవాళ్లు. ఈ శతాబ్దం మొదట్లో చట్టం వచ్చాక 20 కిలోల హద్దు పెట్టారు. చెక్‌పోస్టులో మూట తూస్తారు.

రోజుకి పోర్టర్లూ గైడ్లతో కలిపి 500 మందికే అనుమతి. ఫిబ్రవరిలో దారి మూసేస్తారు. మే నుంచి సెప్టెంబరు దాకా వానలు తక్కువ, కాబట్టి నెలల ముందే బుక్ చేసుకోవాలి. పర్మిట్ మీద నంబరున్న పాస్‌పోర్టే చేతిలో ఉండాలి, ఇంకొకరి పేరుకి మార్చరు. సొంతంగా వెళ్లనివ్వరు, లైసెన్సున్న ఏజెన్సీ ద్వారానే వెళ్లాలి. ధర బేరమాడే ముందు ఒక్కటి అడగండి: పోర్టర్లకి కూలి ఎంతిస్తారు, రాత్రి ఎక్కడ పడుకుంటారు, ఏం తింటారు? జవాబు నసిగితే వేరే ఏజెన్సీ చూసుకోండి. ఇక మీ ప్రశ్నలు అడగండి.